చదవలేని కవరు ఎక్కడికి పోవాలి? అమెరికా తపాలాలో చేతిరాత చిరునామాల యాంత్రీకరణపై ఒక కేస్ స్టడీ

చేతితో రాసిన చిరునామాను యంత్రం చేత చదివించి, ఆ ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ ఇల్లిల్లూ తిరిగే వరుసలోనే అతని చేతికి అందించే ఏర్పాటు అమెరికా తపాలా సర్వీసులో 1990లలో పూర్తి రూపం దాల్చింది. ఇక్కడ పరిశీలిస్తున్న కేసు అదే. నేను తపాలా ఉద్యోగిని కాను. దరఖాస్తులు, ఫారాలు, పాత రికార్డులు వంటి చేతిరాత కాగితాలను కంప్యూటర్ చేత చదివించే వ్యవస్థలను తయారు చేయడం నా వృత్తి. ఈ వృత్తిలో కొత్త ప్రాజెక్టు ఏది మొదలైనా, ఎంత శాతం సరిగ్గా చదువుతుందన్న ప్రశ్నే ముందు వస్తుంది. చదవలేకపోయిన కాగితం ఎటు పోతుంది, దాన్ని ఎవరు చూస్తారు, చూశాక అది మళ్ళీ వరుసలోకి ఎలా వస్తుంది అన్న ప్రశ్నను మాత్రం, యంత్రాలు కొన్న తర్వాత గానీ ఎవరూ అడగరు. ఈ రెండో ప్రశ్న నుంచే నిర్మాణం మొదలుపెట్టిన వ్యవస్థ ఎలా ఉంటుందో చూపించడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

అంతకు ముందు

అమెరికాలో మొదటి అర్ధయాంత్రిక సార్టింగ్ యంత్రాన్ని 1957లో మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్ పోస్టాఫీసులో పెట్టారు. నెదర్లాండ్స్‌లో తయారైన ఆ యంత్రం పేరు ట్రాన్సోర్మా. ఆ తర్వాత దేశమంతటా వ్యాపించిన లెటర్ సార్టింగ్ యంత్రాల ముందు పన్నెండు మంది ఆపరేటర్లు కూర్చునేవారు. ఒక్కొక్కరి కళ్ళ ముందుకు సెకనుకు ఒక ఉత్తరం చొప్పున వచ్చి ఆగేది, ఆ సెకనులోనే చిరునామా చదివి మీటలు నొక్కాలి. అంటే యంత్రం కవరును మోసేది, చదువు మాత్రం మనిషిదే. 1963 జూలై 1న మన పిన్‌కోడ్ లాంటి అయిదంకెల జిప్ కోడ్ అమలులోకి రావడంతో, చిరునామాలో యంత్రం పట్టుకోగల భాగమంటూ ఒకటి ఏర్పడింది. 1965లో డెట్రాయిట్‌లో వాడకంలోకి వచ్చిన ఆప్టికల్ రీడరు, అచ్చయిన చిరునామాల్లో ఊరు, రాష్ట్రం, జిప్ ఉండే ఆఖరి వరుసను చదవగలిగింది. 1983లో మరో నాలుగంకెలు కలిసి కోడ్ తొమ్మిదంకెలయింది. టైపు చేసిన వ్యాపార ఉత్తరాల సమస్య ఈ దారిలో క్రమంగా తీరుతూ వచ్చింది. చేతిరాత కవర్లు మిగిలిపోయాయి. మొత్తం తపాలాలో వాటి వాటా తక్కువే అయినా, మనుషుల చేత చేయించే సార్టింగ్ ఖర్చులో చాలా భాగం వాటి దగ్గరే పోగుపడేది. క్రిస్మస్ కార్డుల నెలలో అయితే చెప్పనక్కర లేదు.

వేగం విధించిన షరతు

తపాలా పెట్టెల్లోంచి పోగైన ఉత్తరాల్లో ముందు మందపాటివి, ఆకారం సరిగ్గా లేనివి ఏరివేయాలి, మిగిలినవాటిని ఒకే ముఖం వచ్చేలా తిప్పి నిలబెట్టాలి, స్టాంపు మీద ముద్ర వేయాలి. స్టాంపు ఏ మూలన ఉందో యంత్రానికి తెలిస్తే కవరు ఎటు తిరిగి ఉందో తెలిసినట్టే. అందుకే బ్రిటన్ 1957లో సౌతాంప్టన్ ప్రయోగం కోసం స్టాంపుల వెనక గ్రాఫైట్ గీతలు ముద్రించింది. అమెరికా 1963లో అతినీలలోహిత కాంతికి మెరిసే పూత వేసిన స్టాంపును డేటన్ నగరంలో పరీక్షించింది. చిరునామా చదవడం కన్నా ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, కవరు తలకిందులుగా వస్తే ఆ తర్వాతి తెలివితేటలన్నీ వృథా.

1990ల నాటి ముద్ర యంత్రం గంటకు సుమారు 30,000 కవర్లను ఇలా సర్ది, వాటిని చేతిరాతవి, అచ్చువి, గమ్యాన్ని గీతల్లో చెప్పే బార్‌కోడ్ ముందే ఉన్నవి అని మూడు దారుల్లోకి పంపేది. దాని తర్వాతి బార్‌కోడ్ సార్టర్ల వేగం గంటకు 36,000 దాకా ఉండేది. అంటే సెకనుకు పది కవర్లు. ఒక్కో కవరు మీద ఆలోచించడానికి యంత్రానికి సెకనులో పదోవంతు మాత్రమే దొరుకుతుంది. చేతిరాత చదివే ప్రోగ్రాముకు ఆ రోజుల కంప్యూటర్ల మీద అది చాలదు, ఇక మనిషికి చూపించి అడిగే ప్రసక్తే లేదు. ఈ షరతుకు రెండు రకాల జవాబులున్నాయి. కవరును పొడవైన బెల్టు మీద కొన్ని సెకన్లు తిప్పుతూ, ఆ లోపల జవాబు తెప్పించుకోవడం మొదటిది. కవరును పక్కన పెట్టి, దాని బొమ్మను మాత్రం పని మీద పంపడం రెండోది. ఈ కేసులో ఎంచుకున్నది రెండోది. మిగతా నిర్మాణమంతా ఆ నిర్ణయం నుంచే వచ్చింది.

అంకెలు చదివితే సరిపోతుందా

1989లో ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో యాన్ లకన్ బృందం, ఉదాహరణలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాముతో చేతిరాత జిప్ అంకెలను చదివించింది. అందుకు వాడిన 9,298 అంకెల బొమ్మలు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో పోస్టాఫీసు గుండా వెళ్ళిన నిజమైన కవర్ల నుంచి తీసినవి. వాటిలో 7,291 శిక్షణకు, 2,007 పరీక్షకు కేటాయించారు. మరుసటి ఏడాది వాళ్ళు ప్రకటించిన ఫలితంలో తప్పులు ఒక శాతం, యంత్రం చదవనని పక్కన పెట్టినవి సుమారు తొమ్మిది శాతం. ఆ కాలానికి అది గొప్ప ఫలితం. నేటి యంత్రాభ్యాసానికి (మెషిన్ లెర్నింగ్) అది ఎంత పునాది వేసిందో ఆ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు.

అయితే ఈ అంకెలను తపాలా దృష్టితో ఒకసారి గుణించి చూడాలి. ఒక్కో అంకెను అంగీకరించే అవకాశం నూటికి 91 అయితే, అయిదంకెలూ అంగీకరించే అవకాశం నూటికి 62 మాత్రమే. అంగీకరించిన అంకెల్లో నూటికి ఒకటి తప్పయితే, చదివామనుకున్న జిప్ కోడ్‌లలో దాదాపు ఇరవయ్యింటికి ఒకటి తప్పవుతుంది. ఒకే చేతి రాతలోని అంకెలు కాబట్టి బాగున్న కవరులో అన్నీ బాగుంటాయి, పాడైన దానిలో అన్నీ పాడై ఉంటాయి, అందుచేత వాస్తవ సంఖ్యలు కొంత మెరుగ్గా ఉండవచ్చు. అయినా దిశ మారదు. పైగా ఇది ఊరి దాకా చేర్చే అయిదంకెల సంగతి. ఇంటి దాకా చేరాలంటే మరో నాలుగంకెలు కావాలి, వాటిని చేత్తో కవరు మీద రాసేవాళ్ళు అరుదు. వీధి పేరు, ఇంటి నంబరు చదివి యంత్రమే వాటిని రాబట్టాలి.

తప్పుకూ తిరస్కరణకూ ధర ఒకటి కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. తిరస్కరించిన కవరు ఒక మనిషి కొన్ని సెకన్ల శ్రమతో తీరిపోతుంది. తప్పుగా చదివిన కవరు మరో ఊరికి ప్రయాణం చేసి, అక్కడి పోస్ట్‌మ్యాన్ చేతిలో బయటపడి, తిరిగి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది. గ్రహీతకు జరిగే ఆలస్యం లెక్కలో కలవనే కలవదు. అందుకని అనుమానం వస్తే వదిలేయడమే యంత్రానికి ఉండవలసిన మొదటి గుణం. మా రంగంలో నమూనా ప్రదర్శనల్లో ఈ గుణాన్ని ఎవరూ చూపించరు, ఎందుకంటే వదిలేసిన కాగితం తెర మీద అందంగా కనిపించదు.

బఫలోలో దొరికిన దారి

యూనివర్సిటీ ఎట్ బఫలోలోని సీడార్ అనే డాక్యుమెంట్ విశ్లేషణ కేంద్రంలో, బెంగళూరు ఐఐఎస్సీలో చదివిన సర్గూర్ శ్రీహరి నాయకత్వంలో, వేణు గోవిందరాజు తదితరుల కృషితో తయారైన చేతిరాత చిరునామా వ్యవస్థ ఈ ముడిని వేరే చోట నుంచి విప్పింది. అమెరికా తపాలా సర్వీసు దగ్గర ప్రతి బట్వాడా చిరునామానూ నమోదు చేసిన జాతీయ జాబితా ఉంది. జిప్ కోడ్‌నూ ఇంటి నంబరునూ చదవగలిగితే, ఆ జిప్‌లో ఆ నంబరు గల ఇల్లు ఉన్న వీధులేవో ఆ జాబితా చెబుతుంది. దేశంలో వీధుల పేర్లు లక్షల్లో ఉన్నా, అలా వడకట్టాక మిగిలే పేర్లు చాలాసార్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అప్పుడు వీధి పేరును అక్షరం అక్షరంగా చదవవలసిన అవసరం లేదు. గీతల ఈ గుంపు ఆ కొద్ది పేర్లలో దేనికి దగ్గరగా ఉందో తేలిస్తే చాలు. డాక్టరు రాసిన చీటీని మందుల షాపు కుర్రాడు చదవగలగడం ఇలాంటిదే. అతను రాతను చదవడం లేదు, తన అరల్లో ఉన్న మందుల్లో ఏది ఇలా కనిపించగలదో ఆలోచిస్తున్నాడు.

పోల్చే పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. కలిపి రాసిన పదాన్ని అక్షరాలుగా ఎక్కడ కోయాలన్నది ముందే తేల్చడం సాధ్యం కాదు, ఎక్కడ కోయాలో తెలియాలంటే అక్షరం తెలియాలి, అక్షరం తెలియాలంటే కోసి ఉండాలి. అందువల్ల పదాన్ని కావలసినదానికన్నా చిన్న ముక్కలుగా కోసి, జాబితాలోని ఒక్కో పేరుకూ ఆ ముక్కలను ఏ విధంగా కలిపితే అత్యుత్తమంగా అతుకుతాయో లెక్కగట్టి, మొదటి పేరుకూ రెండో పేరుకూ మధ్య చాలినంత ఎడం ఉంటేనే జవాబు చెప్పేవారు. ఎడం లేకపోతే వదిలేసేవారు. జిప్ అంకెలకూ ఊరి పేరుకూ పొంతన ఉందా అన్నది మరో పరీక్ష. చిరునామా రాసేవారు అదే విషయాన్ని రెండు మూడు రకాలుగా చెబుతారు. ఊరు, రాష్ట్రం, కోడ్ మూడూ ఒకే చోటును సూచిస్తాయి. ఈ పునరుక్తి రాసేవాడికి విసుగు కావచ్చు గానీ చదివే యంత్రానికి ప్రాణం.

ఈ వ్యవస్థ తొంభైల రెండో సగంలో తపాలా కేంద్రాల్లోకి వెళ్ళింది. మొదట్లో చేతిరాత కవర్లలో కొద్ది భాగాన్నే అది పూర్తిగా తేల్చగలిగింది. అయినా దాన్ని అమర్చారు. సగం కూడా చదవని ప్రోగ్రామును నిజమైన పనిలో పెట్టే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం. దానికి జవాబు ప్రోగ్రాములో లేదు.

కవరు ఒక చోట, బొమ్మ ఒక చోట

కవరు యంత్రం గుండా పోతున్నప్పుడు కెమెరా దాని బొమ్మ తీస్తుంది. అదే సమయంలో కవరు వెనక వైపు నారింజ రంగు ఫ్లోరసెంట్ సిరాతో కొన్ని గీతలు పడతాయి. ఆ గీతలు చిరునామాను చెప్పవు, ఈ కవరు ఫలానా అని మాత్రం చెబుతాయి. బొమ్మ కంప్యూటర్ దగ్గరికి వెళుతుంది. అది తేల్చలేకపోతే టెలిఫోన్ లైన్ల మీద వేరే నగరంలోని రిమోట్ ఎన్‌కోడింగ్ సెంటర్‌కు చేరుతుంది. అక్కడ ఉద్యోగి తెర మీద చూసి, చిరునామా అంతా కాకుండా, జాబితాలో దాన్ని గుర్తించడానికి చాలినన్ని అక్షరాలు, అంకెలు మాత్రమే కొడతారు. ఈ లోగా కవరు ట్రేలో కూర్చుని ఉంటుంది. తర్వాత దాన్ని మళ్ళీ నడిపినప్పుడు యంత్రం వెనక గీతలు చదివి, ఆ పేరు మీద వచ్చిన జవాబును తీసుకుని, ముందు వైపు అడుగున బార్‌కోడ్ ముద్రిస్తుంది.

1997 నాటికి ఇలాంటి సెంటర్లు దేశంలో 55 ఉండేవి. మనుషులతో నడిచే ఈ వల ముందే పరిచి ఉండడం వల్లే, కొద్దిగా చదివే ప్రోగ్రాము కూడా మొదటి రోజు నుంచి లాభం తెచ్చింది. ప్రోగ్రాము మెరుగయ్యే కొద్దీ, కవర్లు నడిచే దారిని మార్చనక్కర లేకుండానే, సెంటర్లకు చేరే బొమ్మలు తగ్గుతూ పోయాయి. సెంటర్లు ఒక్కొక్కటిగా మూతపడి చివరకు అతి కొద్దిగా మిగిలాయి. అక్కడ పని చేసినవారి ఉపాధి కోణం నుంచి చూస్తే ఇది సంతోషపడవలసిన కథ కాదు, ఆ చర్చ వేరు. నిర్మాణం వైపు నుంచి మాత్రం, చదివేది మనిషా యంత్రమా అన్న తేడా మిగతా వ్యవస్థకు కనిపించకుండా దాచడం వల్ల ఇదంతా సాధ్యమైంది.

అడుగున పడే గీతలు

అప్పటి బార్‌కోడ్ పేరు పోస్ట్‌నెట్. ఒక్కో అంకెకు అయిదు గీతలు, వాటిలో సరిగ్గా రెండు పొడవు, మూడు పొట్టి. గీతల స్థానాలకు వరుసగా 7, 4, 2, 1, 0 విలువలు. ఉదాహరణకు ఆరు అంటే నాలుగూ రెండూ ఉన్న చోట్ల పొడవు గీతలు. సున్నాకు మాత్రం ఏడు, నాలుగు చోట్ల పొడవు గీతలు వేశారు. చివర అన్ని అంకెల మొత్తాన్ని పదితో భాగింపబడేలా చేసే సరిచూపు అంకె ఉంటుంది. 14260 అన్న కోడ్‌లో అంకెల మొత్తం 13 కాబట్టి సరిచూపు అంకె 7 అవుతుంది.

ఇందులోని పొదుపు గమనించాలి. ఒక గీత మరకపడి పొడవుది పొట్టిగా కనిపిస్తే, ఆ అయిదింటిలో పొడవు గీతలు రెండు లేవు కాబట్టి ఏ అంకె పాడయిందో తెలిసిపోతుంది. మిగిలిన అంకెల మొత్తం నుంచి అసలు అంకె ఏదో కూడా దొరుకుతుంది. కవరు మళ్ళీ మనిషి దగ్గరికి వెళ్ళనక్కర లేదు. తొమ్మిదంకెలకు సాధారణంగా ఇంటి నంబరులోని చివరి రెండంకెలు కలిపి పదకొండు, సరిచూపుతో పన్నెండు అంకెలు, రెండు చివర్లా హద్దు గీతలతో మొత్తం 62 గీతలు. 2013 నాటికి దీని స్థానంలోకి పూర్తిగా వచ్చిన ఇంటెలిజెంట్ మెయిల్ బార్‌కోడ్, నాలుగు రకాలుగా ఉండే 65 గీతల్లోనే 31 అంకెలు ఇముడుస్తుంది.

ఇంటి దాకా కోడ్ ఉండడం వల్ల దక్కిన అసలు ఫలితం బట్వాడా వరుస. పోస్ట్‌మ్యాన్ రోజూ పొద్దున గంటల తరబడి గళ్ళ అర ముందు నిలబడి సర్దుకునే పనిని సార్టర్ యంత్రం రెండు సార్లు నడిపి చేస్తుంది. వంద గళ్ళున్న యంత్రం ఉందనుకుందాం, ఇళ్ళకు బట్వాడా వరుసలో నాలుగంకెల క్రమసంఖ్యలు ఇచ్చామనుకుందాం. మొదటిసారి సంఖ్యలోని చివరి రెండంకెల ప్రకారం కవర్లను గళ్ళలో వేసి, గళ్ళ వరుస చెదరకుండా ఎత్తి, రెండోసారి మొదటి రెండంకెల ప్రకారం వేస్తే పదివేల ఇళ్ళ ఉత్తరాలు నడక వరుసలో వచ్చేస్తాయి. పంచ్ కార్డుల రోజుల నుంచి గణన యంత్రాలు వాడిన ఉపాయమే ఇది. ఇక్కడ ప్రమాదం యంత్రంలో లేదు, మధ్యలో ట్రేలు ఎత్తే మనిషి రెండు గళ్ళను తారుమారు చేస్తే రెండో విడత ఆ తప్పును సరిదిద్దలేదు.

మన కవర్ల మీదికి తెస్తే

భారతదేశంలో 1972 ఆగస్టు 15న వచ్చిన ఆరంకెల పిన్‌కోడ్ బట్వాడా పోస్టాఫీసు దగ్గర ఆగిపోతుంది. 50 నుంచి 53 దాకా మొదలయ్యే కోడ్‌లు తెలుగు రాష్ట్రాలవి. అందులో సరిచూపు అంకె లేదు, ఊరి పేరుతో పోల్చి చూసుకోవడమొక్కటే రక్ష. ముంబై, చెన్నై, ఢిల్లీ, కోల్‌కతాల వంటి నగరాల్లో యంత్రాలు వచ్చినా, పోస్టాఫీసు చేరాక బీట్ల (ఒక్కో పోస్ట్‌మ్యాన్ తిరిగే ప్రాంతాల) వారీగా, ఇళ్ళ వారీగా సర్దడం పోస్ట్‌మ్యాన్ పనే.

బఫలో ఉపాయాన్ని ఇక్కడ నేరుగా వాడలేకపోవడానికి కారణం లిపి కాదు. తెలుగు చేతిరాత కష్టమైనదే గానీ, ఎంపిక చేసుకోవడానికి పది పేర్ల జాబితా ఉంటే అది అధిగమించలేనిది కాదు. లేనిది ఆ జాబితా. వార్డు, బ్లాకు, ఇల్లు అంటూ అడ్డగీతలతో నడిచి, చివర వాలుగీత వేసి ఏ, బీ అని తోక తగిలించుకున్న మన ఇంటి నంబర్లలో, ఆ వాలుగీతను ఒకటిగా చదవని ప్రోగ్రామును నేను చూడలేదు. వీధి పేరు చాలా చిరునామాల్లో ఉండదు, రామాలయం వెనక, నీళ్ళ ట్యాంకు ఎదురుగా అని ఉంటుంది. పోస్ట్‌మ్యాన్‌కు అది పరిపూర్ణమైన చిరునామా. యంత్రం వెతుక్కోవలసిన జాబితా అంతా అతని జ్ఞాపకంలోనే ఉంది.

2025లో తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ల సహకారంతో విడుదల చేసిన డిజిపిన్ అనే స్థల సంకేతం ఈ ఖాళీని మరో వైపు నుంచి పూరించే ప్రయత్నం. దేశపటాన్ని నాలుగు నిలువు, నాలుగు అడ్డం గళ్ళుగా పదిసార్లు విభజించి, ఒక్కో విభజనకు పదహారు గుర్తుల్లో ఒకటి చొప్పున పది గుర్తులతో సుమారు నాలుగు మీటర్ల చదరాన్ని సూచిస్తుంది. సున్నాను, ఒకటిని, వాటిలా కనిపించే అక్షరాలను వదిలేయడం మంచి నిర్ణయం. ఎఫ్‌కూ పీకీ, ఏడుకూ టీకీ మధ్య తేడా తొందరగా రాసే బాల్‌పెన్ కింద నిలుస్తుందని మాత్రం నాకు నమ్మకం లేదు.

నా వృత్తి దృష్టిలో అసలు సమస్య ఇది. పది గుర్తులూ స్థలాన్ని చెప్పడానికే ఖర్చయ్యాయి, సరిచూపు గుర్తు లేదు. మొదటి గుర్తును పక్క గడిదిగా చదివితే కవరు తొమ్మిది డిగ్రీలు, అంటే సుమారు వెయ్యి కిలోమీటర్లు జరుగుతుంది. ఆ తప్పును పక్కనే ఉన్న పిన్‌కోడ్ వెంటనే పట్టిస్తుంది. నాలుగో గుర్తు తప్పితే పదిహేను కిలోమీటర్ల పైచిలుకు జరుగుతుంది, నగరాల్లో దాన్ని కూడా పిన్‌కోడ్ పట్టించగలదు. అయిదో గుర్తు నుంచి జరిగే దూరం నాలుగు కిలోమీటర్లకు, ఆరు, ఏడు గుర్తుల దగ్గర ఒక కిలోమీటరుకూ పావు కిలోమీటరుకూ తగ్గుతుంది. అవి అదే పోస్టాఫీసు పరిధిలో పడిపోతాయి కాబట్టి పిన్‌కోడ్ మౌనంగా ఒప్పుకుంటుంది. సరిగ్గా పోస్ట్‌మ్యాన్ బీటు మారిపోయే దూరాలే అవి. కనుక చేతిరాత కవరు మీద డిజిపిన్‌ను చదివే వ్యవస్థ ఎవరైనా కట్టదలిస్తే, మొదటి నాలుగు గుర్తులను పిన్‌కోడ్‌తోనూ, తర్వాతి మూడింటిని కాలనీ లేదా పేట పేరుతోనూ పొంతన చూడాలి. పేట ఏ గళ్ళలో విస్తరించిందో చెప్పే జాబితాను ఒక్కో పోస్టాఫీసుకు తయారు చేసుకోవడం, దేశంలోని ప్రతి ఇంటికీ జాబితా చేయడం కన్నా ఎన్నో రెట్లు చిన్న పని. చివరి మూడు గుర్తుల్లో దేన్నైనా పక్క గడిదిగా చదివినా తప్పు సుమారు అరవై మీటర్లకు మించదు గనుక దాన్ని పోస్ట్‌మ్యాన్‌కు వదిలేయవచ్చు.

పొంతన కుదరని కవరు బొమ్మ వెళ్ళవలసింది దూరనగరంలోని సెంటర్‌కు కాదు, అదే పోస్టాఫీసులోని తెర మీదికి. అమెరికా సెంటర్లలో ఎవరైనా ఏ ఊరి చిరునామానైనా కొట్టగలిగింది జాతీయ జాబితా ఉండబట్టే. ఇక్కడ ఆ జాబితా స్థానంలో ఉన్నది బీటు తెలిసిన మనిషి. అతని తెర మీద చిరునామా అంతా టైపు చేసే గడి పెట్టకూడదు. కవరు బొమ్మ, కింద ఆ పోస్టాఫీసు బీట్ల నంబర్లు మీటలుగా ఉండాలి, ఏ బీటో తెలియకపోతే నొక్కడానికి విడిగా ఒక మీట ఉండాలి. అతను నొక్కిన ప్రతి మీటా, బొమ్మలోని రామాలయం, నీళ్ళ ట్యాంకు వంటి మాటలతో జతపడి దాచుకోబడితే, కొంతకాలానికి ఆ పోస్టాఫీసుకు కావలసిన జాబితా దానంతట అదే పోగవుతుంది.